ఓడలరేవు కెరటాల్లో ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు, 14 నెలలు వాడాక నా రివ్యూ

కోనసీమలో సర్ఫింగ్ బోర్డు పెట్టుకుని ఏం చేస్తున్నావు అని అడిగినోళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఒక్కసారే రాసేస్తున్నానండి, కొంచెం పెద్దదే, కొనాలనుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి. బోర్డు వచ్చి 14 నెలలైంది. వరదల టైమూ తుఫాన్ల టైమూ తీసేస్తే దాదాపు ప్రతి వారం దీన్ని నీళ్లలో దింపా, కాబట్టి రెండు రోజులు వాడేసి స్టార్లు ఇచ్చే రివ్యూ కాదిది. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) విషయంలో నాకు జరిగింది నాకొచ్చిన ఒక్క పీసులో తేడా అయ్యుండొచ్చు. పైగా ఈ సైజు ఫోమ్ బోర్డులు ఏ కంపెనీవైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఇది ఈ రకం బోర్డు మన గోదావరి జిల్లాల సముద్రానికి పనికొస్తదా లేదా అన్న రివ్యూ అనుకోండి.

ముందు నా సంగతి. మాది అల్లవరం మండలం, ఇంటి నుంచి ఓడలరేవు బీచ్ బండి మీద ఇరవై నిమిషాలు. చిన్నప్పట్నుంచి కాలవలో ఈత కొట్టినోడినే గానీ సముద్రంలో మోకాళ్లు దాటనిచ్చేవారు కాదు ఇంట్లో. వైజాగ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు రుషికొండలో నాలుగు ఆదివారాలు సర్ఫింగ్ క్లాసులకి వెళ్లా, అక్కడే బోర్డు మీద నిలబడ్డం వచ్చింది. తర్వాత నాన్నగారికి ఒంట్లో బాగోక ఊరొచ్చేసి కొబ్బరి వ్యాపారం నేనే చూసుకుంటున్నా. వచ్చేశా గానీ మనసంతా నీళ్లలోనే ఉండిపోయింది, పొద్దున్న లేచి కొబ్బరికాయల లెక్క రాస్తున్నా కెరటం లేచినట్టే అనిపించేది. ఆర్నెల్లు ఆగి బోర్డు కొనేశా.

బోర్డు ఎనిమిదడుగులు, వెడల్పు 22 అంగుళాల పైనే, మందం మూడంగుళాల పైన. లోపల థర్మాకోల్ లాంటి ఫోమ్, పైన మెత్తటి డెక్, అడుగున జారే ప్లాస్టిక్ షీటు, వెనక అడుగున స్క్రూలతో బిగించే మూడు ప్లాస్టిక్ ఫిన్లు (చేప రెక్కల్లాంటివి), కాలికి కట్టుకునే లీష్. బాక్స్ మీద 80 లీటర్ల పైచిలుకు అని రాసుంది. ఈ లీటర్లంటే ఏంటో నాకు మొదట్లో అర్థం కాలేదు, బోర్డు నీళ్లలో ఎంత చోటు ఆక్రమిస్తదో అన్నమాట, అంటే ఎంత బరువుని తేలుస్తదో. నేను 74 కిలోలు. నేర్చుకునేవాళ్లకి ఒంటి బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లైనా ఉండాలి, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. వీడియోల్లో చూసి ఆరడుగుల సన్న బోర్డు కొనేద్దామనుకునే తమ్ముళ్లుంటే దయచేసి ఆగండి.

ఎందుకంటే మన కెరటం వేరు. గోదావరి ఇన్ని వందల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక వల్ల మన తీరం చాలా దూరం దాకా లోతు లేకుండా మెల్లగా దిగుద్ది. అడుగు నిటారుగా ఉన్నచోట కెరటం గొట్టంలాగా ఒంపు తిరిగి దబ్బున పడుద్ది, అడుగు మెల్లగా దిగే చోట మాత్రం పైనుంచి కొంచెం కొంచెం నురగ జారుతూ చాలా దూరం నెమ్మదిగా వస్తది. మనది ఈ రెండో రకం. బలం తక్కువ, కానీ నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి కెరటం ఉండదు. ఈ మెత్తటి కెరటం చిన్న బోర్డుని మోయలేదు, అది మునిగి వెనకబడిపోద్ది, వెడల్పాటి బోర్డైతే అదే కెరటం మీద పడవలాగా జారిపోద్ది. ఈ ఒక్క కారణానికే బోర్డుకి నా ఓటు. తల పగలకుండా మెత్తగా ఉండటం రెండో కారణం. రెండుసార్లు నా దవడకి తగిలింది, ఫైబర్ బోర్డైతే కుట్లు పడేవి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. బోర్డు వచ్చిన మొదటి మూడు నెలలు నాకు ఒక్క మంచి కెరటం కూడా దొరకలేదండి. నురగ మీద నిలబడి ఒడ్డుకి రావడం, మళ్లీ లోపలికి నడవడం, అంతే. తప్పు బోర్డుదనుకున్నా. తర్వాత తెలిసింది, రుషికొండ క్లాసులో కెరటం ఏరింది నేను కాదు, మా కోచ్‌గారు. ఆయన నడుం లోతులో నిలబడి వెనక్కి చూసి, వచ్చేదాన్ని ఎంచి, నన్ను వెనకనుంచి తోసి "లే" అనేవారు. నేను లేచేవాణ్ణి. సర్ఫింగ్‌లో లేవడం చిన్న పని, ఏ కెరటం, ఎక్కడ, ఎప్పుడు అన్నదే పెద్ద పని, అదంతా ఆయన చేసేసేవారు. కోచ్‌ని తప్పుపట్టట్లేదు, నాలుగు రోజుల్లో అంతకంటే ఏం చెప్తారు పాపం. కానీ క్లాసుకెళ్లేవాళ్లు ఒక మాట అడగండి, చివరి రోజైనా తోయొద్దు, నన్నే ఎంచుకోనివ్వండి అని.

నాకు కెరటం చదవడం నేర్పింది ఓడలరేవులో వేటకెళ్లే ఒక తాత. డెబ్బై ఏళ్లుంటాయి, ఇప్పుడు బోటెక్కట్లేదు, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు. నేను మూడు నెలలు కింద పడి లేవడం రోజూ చూస్తానే ఉన్నాడంట. ఒక రోజు బోర్డు పక్కన పడేసి ఆయాసంతో కూర్చుంటే పిలిచాడు.

"బాబా, నువ్వు ఇరిగిపోయినదాని ఎనకాల ఎల్తన్నావు. ఇరగబోయేదాని కాడ ఉండాల."

"అది ఏది ఇరుగుద్దో ఎలా తెలుస్తది తాతా?"

"ఏది అని సూడకు. ఎక్కడ అని సూడు."

ఈ ఒక్క మాటకి నాకు కళ్లు తెరుచుకున్నాయండి, నిజంగా. అప్పటిదాకా నేను ప్రతి కెరటాన్నీ విడిగా చూసేవాణ్ణి, ఇది పెద్దది, ఇది చిన్నది అని. తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై నిమిషాలు ఏం మాట్లాడకుండా చూడమన్నాడు. సరుగుడు తోట చివరున్న ఎండిపోయిన చెట్టుకి ఎదురుగా నీళ్లలోకి ఒక గీత గీసుకో, ఆ గీతకి ఎడం పక్క మొదటి తెలుపు ఎన్నిసార్లు పుడతందో, కుడి పక్క ఎన్నిసార్లో లెక్కెట్టుకో అన్నాడు. ఎడం పక్కే, దాదాపు ప్రతిసారీ ఒకే చోట. అక్కడ అడుగున ఇసుక మేట ఉందన్నమాట.

దీని వెనక లెక్క ఉంది, తర్వాత చదువుకున్నా. లోతు నీళ్లలో కెరటానికి అడుగుతో పని లేదు. దాని పొడవులో, అంటే ఒక కెరటం నుంచి తర్వాతదాని దాకా ఉన్న దూరంలో, సగం కంటే లోతు తగ్గాక అడుగు తగలడం మొదలవుద్ది, వేగం తగ్గుద్ది, వెనకనుంచి వచ్చేది ముందుదాన్ని తోసినట్టై ఎత్తు పెరుగుద్ది, చివరికి లోతు కెరటం ఎత్తుకి ఇంచుమించు 1.3 రెట్లకి వచ్చేసరికి నిలబడలేక విరుగుద్ది. అంటే మీటరు కెరటం విరిగిన చోట లోతు సుమారు ఛాతీ దాకా ఉన్నట్టు. గోవాలోనో అండమాన్‌లోనో అడుగు కనపడుద్దేమో, మన నీళ్లు గోదావరి బురదతో ఎప్పుడూ గోధుమ రంగే, చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు. కాబట్టి అడుగున ఏముందో చెప్పేది కెరటం ఒక్కటే. తాత వాళ్లు తరతరాలుగా చదువుతున్నది ఇదే, బోటు ఎటు తీస్తే మేట తగలకుండా పోద్దో చూసుకోవడానికి. నేను బోర్డు కోసం చదువుతున్నా, ఆయన కూటి కోసం చదివాడు. ఆయన ముందు నా నాలుగు ఆదివారాల సర్టిఫికెట్టు ఎంత.

ఇంకోటి, సెట్లు. కెరటాలు ఒకేలా రావు, కాసేపు చిన్నవి, తర్వాత నాలుగైదు పెద్దవి వరసగా, మళ్లీ ఖాళీ. ఫైబర్ బోటు నీళ్లలోకి తోసేటప్పుడు గమనించండి, ఆరుగురు బోటు పట్టుకుని నడుం లోతులో అలా ఆగిపోయి ఉంటారు, ఏమీ చెయ్యట్లేదనిపిస్తది, పెద్దవి పోయేదాకా ఆగుతున్నారన్నమాట, పోగానే ఒకడు అరుస్తాడు, అందరూ ఒక్క ఊపులో తోసేస్తారు, ఇంజన్ స్టార్ట్ అయిపోద్ది. నేనూ లోపలికెళ్లేటప్పుడు ఇప్పుడు అలాగే ఆగుతా. ఇదివరకు నురగతో కొట్టుకుంటూ వెళ్లి సగంలోనే అలిసిపోయేవాణ్ణి. ఎన్ని పెద్దవి పోయాక ఖాళీ వస్తది తాతా, ఐదా ఏడా అని అడిగితే లెక్క పెట్టుకోకు, చూసుకో అన్నాడు. నిజమే, రోజుకో లెక్క.

మొదటి అసలు కెరటం దొరికిన రోజు చెప్తా. అంతర్వేది తీర్థం అయిన వారానికి, తెల్లారి ఆరున్నర. గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదకి సన్నగా వీస్తంది, నీళ్లు నూనె పోసినట్టున్నాయి. ఎండు చెట్టు గీతకి ఎడం పక్క, మొదటి తెలుపు పుట్టే చోటుకి ఒక పదడుగులు లోపలికి వెళ్లి బోర్డు మీద కూర్చున్నా. రెండు వదిలేశా. మూడోది దూరంగా నల్లటి గీతలాగా కనపడింది, దగ్గరికొస్తుంటే గీతంతా ఒకేలా లేదు, ఒక చోట మాత్రం గేదె వీపులాగా పైకి లేచుంది, అక్కణ్ణుంచి నా కుడి పక్కకి వాలుగా దిగుతంది. విరిగేది ఆ వీపు దగ్గర, నేను వెళ్లాల్సింది ఆ వాలు మీదుగా. అన్నీ ఒక్క క్షణంలో కనపడ్డాయి, అంతకుముందు మూడు నెలలూ కళ్ల ముందే ఉండి కనపడనివి. బోర్డు తిప్పి పడుకుని చేతులేశా. ముందు ఏమీ లేదు, తర్వాత బోర్డు తోక లేచినట్టనిపించింది, వెనకనుంచి ఎవరో చెయ్యేసి ఎత్తినట్టు. అక్కడ ఆగకూడదు, ఇంకో రెండు చేతులు గట్టిగా వెయ్యాలి, మొదట్లో నేను అక్కడే లేచిపోయి కెరటాన్ని వదులుకునేవాణ్ణి. రెండు వేశా. నా చేతుల బలం అయిపోయిందనుకున్నాక కూడా బోర్డు దానంతటది వెళ్తనే ఉంది. లేచా. శబ్దం మొత్తం వెనకాల ఉంది, ముందు మాత్రం ఏ చప్పుడూ లేదు, బోర్డు కింద నీళ్లు సర్రుమని చీరినట్టు అంతే. కుడి పక్కకి చూశా, బోర్డు కుడి పక్కకే తిరిగింది. ఎంత సేపు అంటే ఎనిమిది, తొమ్మిది సెకండ్లు ఉంటదేమో. ఒడ్డుకొచ్చి తాత దగ్గరికి పరిగెత్తా. "సూసేన్లే" అన్నాడు, వల మీద నుంచి తల ఎత్తకుండా. నాకు ఏడుపొచ్చేసిందండి.

ఈ బోర్డు లేకపోతే ఆ కెరటం దొరికేది కాదు, అదీ చెప్పాలి. పది సెకండ్ల కెరటం (అంటే పది సెకండ్లకొకటి వచ్చేది) లోతు సముద్రంలో గంటకి 56 కిలోమీటర్ల స్పీడుతో వస్తది, మన మేటల మీద, మీటరున్నర లోతులో, పద్నాలుగు కిలోమీటర్ల దాకా పడిపోద్ది. చేతులతో మనం ఆ పద్నాలుగు కూడా అందుకోలేం, మిగతాది బోర్డే జారి అందుకోవాలి. పొడవాటి, తేలికగా తేలే బోర్డు కెరటం ఇంకా నిటారు కాకముందే జారడం మొదలెడుద్ది, దాంతో లేవడానికి మనకి టైమ్ దొరుకుద్ది. చిన్న బోర్డుకి కెరటం బాగా నిలబడేదాకా ఆగాలి, అప్పుడు లేవడానికి అర సెకండు కూడా ఉండదు.

ఏ రోజు వెళ్లాలో చూసుకోవడానికి నేను హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ వాళ్ల సముద్ర సూచన చూస్తా, వేటకెళ్లేవాళ్ల కోసం కెరటం ఎత్తు, గాలి అన్నీ ఇస్తారు, డబ్బులేం కట్టక్కర్లేదు. అందరూ ఎత్తు ఒక్కటే చూస్తారు. ఎత్తుతో పాటు పీరియడ్ చూడండి, అంటే ఒక కెరటానికీ దాని తర్వాతదానికీ మధ్య ఎన్ని సెకండ్లు. మీటరు ఎత్తు, ఆరు సెకండ్లు అంటే దగ్గర్లో గాలి లేపిన గజిబిజి నీళ్లు, ఎటు పడితే అటు కొట్టుద్ది. అదే మీటరు, పన్నెండు సెకండ్లు అంటే ఎక్కడో భూమధ్యరేఖకి అవతల, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను గాలికి పుట్టి వేల కిలోమీటర్లు నడిచొచ్చిన కెరటం, వరసగా, ఒద్దికగా వస్తది, బలం కూడా చాలా ఎక్కువ. నాకు నచ్చింది ముప్పావు మీటరు నుంచి మీటరు, తొమ్మిది సెకండ్ల పైన. మీటరున్నర దాటితే నేను దిగను.

టైమ్ అంటే తెల్లారే. రాత్రంతా నేల చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదకి వీస్తది, ఎదురు గాలి తగిలి కెరటం కొంచెం ఎక్కువసేపు నిలబడుద్ది, ముఖం నున్నగా ఉంటది. ఎండెక్కాక సముద్రపు గాలి తిరుగుద్ది, నీళ్లు గరుకైపోతాయి, ఇంటికెళ్లిపోవచ్చు. రోహిణి కార్తెలో పడమట గాలి వేడిగా కొడుద్ది కదా, ఊళ్లో అందరికీ నరకమే, కెరటానికి మాత్రం భలే ఉంటదండి. పోటు, పాటు కూడా చూసుకోవాలి. మా మేట మీదైతే పాటు అయిపోయి పోటు మొదలైన రెండు గంటలు బాగుంటది. పూర్తి పాటులో కెరటం అంతా ఒకేసారి కూలిపోద్ది, జారడానికి వాలే ఉండదు. నిండు పోటులో మేట మీద విరక్కుండా వచ్చేసి ఒడ్డు మీదే దబ్బున పడుద్ది. పోటు టైమ్ రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుద్ది, అమావాస్యకీ పౌర్ణమికీ తేడా ఎక్కువ, అష్టమి నవములకి తక్కువ. మా అమ్మ క్యాలెండర్ ఇప్పుడు ఎక్కువ చూసేది నేనే.

జాగ్రత్తలు. ఇది బోర్డు రివ్యూలో ఎందుకంటారేమో, బోర్డు ఉంది కదా తేలుతాం అనే ధైర్యంతోనే ప్రమాదం వస్తది. ఓడలరేవు దగ్గర వైనతేయ కలుస్తది, అంతర్వేదిలో వశిష్ఠ. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట దిగకండి, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అసలు దిగకండి. పాటు టైములో నది నీళ్లూ పోటుకొచ్చిన నీళ్లూ కలిసి సముద్రంలోకి లాగేస్తాయి. మొగకి దూరంగా కూడా లాగుడు ఉంటది, రెండు మేటల మధ్య, కెరటాలు రెండు పక్కలా విరుగుతూ మధ్యలో మాత్రం విరక్కుండా నీళ్లు నిమ్మళంగా కనపడే చోటు. చూడ్డానికి అదే మంచి చోటనిపిస్తది, కుటుంబాలు అక్కడే దిగుతారు, అదే ప్రమాదం. లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి పోతే విరిగే కెరటాల్లోకి వస్తారు, అవే ఒడ్డుకి తెస్తాయి.

దీని గురించి ఇంత గట్టిగా రాయడానికి కారణం లీష్. ఏడో వారమో ఎనిమిదో వారమో, కాలికి కట్టుకునే పట్టీకీ తాడుకీ మధ్య తిరిగే పిన్ను ఉంటది కదా, అది ఊడిపోయింది. పెద్ద కెరటం కూడా కాదు. బోర్డు నురగతో ఒడ్డుకెళ్లిపోయింది, నేను మెడ లోతు దాటి ఉన్నా, వంద మీటర్లు ఈదుకుంటూ వచ్చా. కాలవలో ఈత వచ్చు కాబట్టి బయటపడ్డా, ఈత రానివాడు బోర్డునే నమ్ముకుని ఉంటే? ఫొటోలు పెట్టి కంపెనీకి రాస్తే వాడకంలో అరగడం మామూలే, వారంటీలో రాదు అన్నారు. రెండు నెలల్లో అరిగిపోయే పిన్ను ప్రాణం కాపాడే తాడుకి పెట్టి, మామూలే అంటే నాకు చాలా కోపమొచ్చింది, ఇప్పటికీ ఉంది. విడిగా మంచి లీష్ కొన్నా, బోర్డు ఎంత పొడవో లీష్ అంత పొడవు ఉండాలి, ఎనిమిదడుగులు.

మిగతా లోపాలు చిన్నవే. ఫిన్ల స్క్రూలు ఉప్పు నీళ్లకి తుప్పు పట్టాయి, ప్రతిసారీ మంచి నీళ్లతో కడగాలి. ఒకసారి మే నెలలో ట్రాలీ ఆటోలో ఎండలో గంట వదిలేస్తే అడుగు షీటు ఒకచోట బుడగలాగా లేచింది, అది ఇంక దిగలేదు. అప్పట్నుంచి తడి గోనెసంచి కప్పి తెస్తున్నా, ఇంట్లో కొబ్బరికాయల షెడ్డులో నీడన వేలాడదీస్తున్నా. డెక్ మెత్తగా పట్టు ఉంటది, వ్యాక్స్ (జారకుండా బోర్డు మీద రాసే మైనం) అక్కర్లేదన్నారు గానీ చెమటకి ఛాతీ దగ్గర జారుద్ది, నేను కొంచెం రాస్తా, వేడి దేశాలకని విడిగా దొరుకుద్ది, అదే తీసుకోండి, మామూలుది కరిగి కారిపోద్ది. పొట్ట దగ్గర చర్మం ఒరుసుకుపోద్ది, రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) తప్పనిసరి, జెల్లీఫిష్‌లకీ అదే రక్ష.

జూలై ఆగస్టుల్లో బోర్డు దింపను. ఎర్రనీరు వచ్చిందంటే దాంతో పాటు గుర్రపుడెక్క, దుంగలు, ఏవేవో వస్తాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు, అలాంటి నీళ్లలో బోర్డు సంగతి ఊహించుకోలేం. వరదయ్యాక మేటలు కూడా మారిపోతాయి. ఎండు చెట్టు గీత ఈ ఏడాది పనికిరాలేదు, మొదటి తెలుపు రెండొందల అడుగులు ఈశాన్యానికి జరిగింది, మళ్లీ మొదట్నుంచి కూర్చుని చూసుకున్నా. ఇంకోటి, అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగేటప్పుడు ఆ దరిదాపుల్లో ఉండకండి, వాళ్ల పనయ్యాకే మన ఆట.

కాకినాడ నుంచి ఇద్దరు అడిగారు, అక్కడ పనికొస్తదా అని. ఊరి ఎదురుగా కాదు, హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండి కెరటాన్ని ఆపేస్తది, అందుకే అక్కడ పోర్టు. ఉప్పాడలో కెరటం ఉంది గానీ కోతకి అడ్డంగా పోసిన బండరాళ్లున్నాయి, వద్దు.

మా అక్క కూతురికి పన్నెండేళ్లు, సెలవులకొస్తే దాన్ని కూడా తీసుకెళ్తున్నా, నడుం లోతు దాటనివ్వను, పక్కనే ఉంటా. పిల్లలకి ఈ బోర్డు కొంచెం పెద్దదే, మోయలేదు, కానీ నీళ్లలో భలే కుదురుగా ఉంటది. మొన్న సంక్రాంతికి నేను తోయబోతుంటే "ఉండు మావయ్యా, ఇది కాదు, దాని వెనకాలది" అంది. వెనకాలదే బాగుంది. నేను దానికి చెప్పింది ఒడ్డున కూర్చుని చూడమనే, తోయడం కాదు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో రమేశ్ బుదిహాళ్ కంచు పతకం తెచ్చాడు, ఆ వీడియోలు దానికి కంఠతా వచ్చు. మన బంగాళాఖాతమే కదా మావయ్యా అంటది.

రేటు సంగతి. నేను వైజాగ్‌లో ఒకాయన దగ్గర పెద్దగా వాడని బోర్డు 15 వేలకి తీసుకున్నా, లారీ పార్సిల్‌లో అమలాపురం తెప్పించుకున్నా, కొత్తదైతే దీనికి రెట్టింపు దాకా చూసుకోండి. ముక్కు, తోక దగ్గర ప్యాకింగ్ సరిగా లేకపోతే నలిగిపోద్ది, లారీవాళ్లకి ముందే చెప్పండి. ఈత రానివాళ్లు ముందు ఈత నేర్చుకున్నాకే కొనండి. బోర్డుకి ఐదుకి నాలుగున్నర ఇస్తా. దాంతో వచ్చిన లీష్‌కి సున్నా, బోర్డు విప్పిన రోజే అది తీసేసి వేరేది కట్టుకోండి.